స్టిక్ లాగితే ఏమవుతుంది? జెట్ విమాన నియంత్రణపై నలభై ఏళ్ల వాదం

జెట్ విమానాల పైలట్ల మధ్య ఎప్పటికీ తెగని వాదం ఒకటుంది. ఆపద ముంచుకొచ్చినప్పుడు పైలట్ స్టిక్‌ను కడదాకా లాగితే విమానం తన బలానికి మించినా సరే ఆ మాట వినాలా, లేక మధ్యలో ఉన్న కంప్యూటర్ ‘ఇంతవరకే’ అని ఆపాలా? ఆపాలంటుంది ఎయిర్‌బస్. హెచ్చరించి వదిలేయాలంటుంది బోయింగ్. 1988లో ఏ320 సర్వీసులోకి వచ్చినప్పటి నుంచి ఈ రెండు జవాబుల చుట్టూ పుస్తకాలు, కోర్టు కేసులు, విచారణ నివేదికలు గుట్టలుగా పేరుకున్నాయి. పెద్ద ప్రమాదం జరిగిన ప్రతిసారీ రెండు పక్షాలూ ఒకే నివేదికను చేతబట్టుకుని ‘మేం ముందే చెప్పాం’ అంటాయి.

ఈలోగా వాదం చిక్కుపడింది. హద్దులు ఎక్కడ పెట్టాలి, స్టిక్కులు కలిసి కదలాలా వద్దా, థ్రస్ట్ లివర్లు వాటంతటవే కదలాలా, శిక్షణ ఎలా ఉండాలి అనేవి వేర్వేరు ప్రశ్నలు. అవన్నీ ‘మనిషా, యంత్రమా’ అనే ఒకే ముడిలో బిగుసుకుపోయాయి. ముడి విప్పి ఒక్కోదాన్నీ విడిగా చూస్తే ప్రమాదాల చరిత్ర ఎవరి పక్షమూ పూర్తిగా వహించదు. తగవంతా అధికారం గురించి అనిపిస్తుంది కానీ, ప్రాణాలు పోయినచోట ఎక్కువగా కరువైంది సమాచారం.

రెక్క పెట్టిన ఇబ్బందులు

ఈ గొడవకు మూలం కంప్యూటర్లలో లేదు, జెట్ రెక్కలో ఉంది. రెక్క గాలిని ఎదుర్కొనే కోణాన్ని పైలట్లు యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారు. ఆ కోణం పెరిగేకొద్దీ లిఫ్ట్ పెరుగుతుంది. ఒక హద్దు దాటాక రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారుతున్న గాలి విడిపోతుంది, లిఫ్ట్ పడిపోతుంది. అదే స్టాల్. హద్దు నేలకు దగ్గరలో సుమారు పదిహేను డిగ్రీలుంటే, ఎత్తులో వేగంగా పోతున్నప్పుడు ఇంకా తక్కువ. వేగం తగ్గితేనే స్టాల్ అవుతుందనేది శిక్షణలో మొదట వదిలించుకోవాల్సిన అపోహ. ఎంత వేగంలో ఉన్నా, ముక్కు ఏ దిక్కున ఉన్నా, కోణం హద్దు దాటితే రెక్క చేతులెత్తేస్తుంది.

ధ్వని వేగానికి దగ్గరగా ఎగరడం కోసం జెట్ రెక్కలను వెనక్కి వాల్చారు. ఆ వాలుతో పాటు కొత్త జబ్బులూ వచ్చాయి. రెక్క కొసలు ముందుగా స్టాల్ అయితే ముక్కు కిందికి వాలడానికి బదులు పైకి లేస్తుంది. మాక్ వేగం హద్దు మీరితే లిఫ్ట్ కేంద్రం వెనక్కి జరిగి ముక్కు దానంతటదే కిందికి గుంజుతుంది. డచ్ రోల్ అనే మరో జబ్బులో తోక ఒకవైపు, రెక్క ఒకవైపు ఊగుతూ విమానం పాములా మెలికలు తిరుగుతుంది. బాగా ఎత్తుకు వెళ్తే స్టాల్ వేగానికీ, షాక్ వేవ్‌ల వల్ల విమానం అదరడం మొదలయ్యే వేగానికీ మధ్య సందు ఇరుకైపోతుంది. పైలట్లు ఆ మూలకు పెట్టుకున్న పేరు కాఫిన్ కార్నర్, అంటే శవపేటిక మూల. అక్కడి పలుచని గాలిలో ఊగిసలాటలను అణిచే పట్టు కూడా తక్కువే. కింద మామూలుగా అనిపించే స్టిక్ కదలిక అక్కడ ముక్కును అతిగా ఎత్తేస్తుంది.

ఇంజన్ కూడా వేరు జాతిది. ప్రొపెల్లర్ విమానంలో పవర్ పెంచితే రెక్క మీదుగా గాలి వెంటనే పుంజుకుంటుంది. జెట్‌లో ఐడిల్ అనే కనీస స్థాయి నుంచి పూర్తి థ్రస్ట్ రావడానికి సెకన్లు పడుతుంది. ల్యాండింగ్ మానుకుని మళ్లీ పైకి ఎక్కే సామర్థ్యాన్ని అమెరికా నిబంధనలు లెక్కగట్టేది లివర్ తోసిన ఎనిమిది సెకన్లకు అందే థ్రస్ట్‌తో. నేల దగ్గర ఎనిమిది సెకన్లు చాలా ఎక్కువ.

ఈ జబ్బులకు మందుగానే పైలట్ చేతికీ రెక్కకూ మధ్య యంత్రం చొరబడింది. డచ్ రోల్‌ను అణచడానికి యా డ్యాంపర్, మాక్ వల్ల ముక్కు వాలకుండా మాక్ ట్రిమ్ వచ్చాయి. 1963 అక్టోబర్ 22న ఇంగ్లండ్‌లో పరీక్షల్లో ఉన్న బీఏసీ 1-11 కూలిపోయింది. ముక్కును ఎత్తి దించే ఎలివేటర్ తోక పైన అడ్డంగా ఉన్న ఆ విమానం లోతుగా స్టాల్ అయినప్పుడు, రెక్క వదిలిన చెదిరిన గాలి ఎలివేటర్‌ను కప్పేసింది. స్టిక్ ముందుకు తోసినా ముక్కు దిగలేదు. ఆ తర్వాత అలాంటి విమానాల్లో స్టిక్ పుషర్ వచ్చింది. స్టాల్ దగ్గరపడితే అది పైలట్‌ను అడక్కుండానే కాలమ్‌ను ముందుకు నెడుతుంది. బ్రిటన్ ధ్రువీకరణ సంస్థ టెస్ట్ పైలట్ డి.పి. డేవిస్ ఇలాంటి రక్షణల కోసం గట్టిగా పట్టుబట్టాడు. బోయింగ్ 707 తోకను పెంచితే తప్ప బ్రిటిష్ రిజిస్ట్రేషన్ ఇవ్వనని మెలిక పెట్టిందీ అతనే. అతని ‘హ్యాండ్లింగ్ ద బిగ్ జెట్స్’ 1967 నుంచి తరతరాల జెట్ పైలట్లకు పాఠ్యపుస్తకం. పైలట్ చేతిని యంత్రం అడ్డుకోవడం ఎయిర్‌బస్‌తోనే మొదలైందనేవాళ్లు స్టిక్ పుషర్‌ను మరిచిపోతున్నట్టే.

కేబుల్ నుంచి కరెంటు దాకా

మొదట్లో పైలట్ చేతిలోని యోక్ నుంచి తోక దాకా ఉక్కు కేబుళ్లు, పుల్లీలు ఉండేవి. పైలట్ కండబలమే ఎలివేటర్‌ను కదిపేది. 707లోనూ ఎలివేటర్లు, ఎయిలరాన్లు ప్రధానంగా ట్యాబ్‌ల సాయంతో, గాలి బలాన్నే వాడుకుని కదిలేవి. 747 నాటికి అన్నీ హైడ్రాలిక్ బలంతో కదలడం మొదలైంది. పైలట్ చేతికి తగిలే బరువు గాలిది కాదు, స్ప్రింగులు పుట్టించే కృత్రిమ బరువు. ‘విమానాన్ని చేత్తో అనుభవించాలి’ అని వాదించేవాళ్లు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి. గత అర్ధశతాబ్దంలో పెద్ద జెట్ నడిపినవాళ్లలో ఎక్కువమంది చేతికి తగిలింది నకిలీ అనుభూతే. మంచి నకిలీయా, చెడ్డ నకిలీయా అన్నదే తేడా.

ఆ తర్వాత కేబుల్ స్థానంలో విద్యుత్ సంకేతం వచ్చింది, దీన్నే ఫ్లై-బై-వైర్ అంటారు. 1969లో ఎగిరిన కాంకార్డ్‌లో అనలాగ్ ఫ్లై-బై-వైర్ ఉంది, తోడుగా మెకానికల్ ఏర్పాటూ ఉంది. 1972 మే 25న నాసా ఒక ఎఫ్-8 యుద్ధవిమానాన్ని అపోలో వ్యోమనౌకల కంప్యూటర్‌తో ఎగరేసింది. మెకానికల్ ఆసరా లేకుండా డిజిటల్ కంప్యూటర్ మీదే ఆధారపడి ఎగిరిన మొదటి విమానం అదే. ఎఫ్-16ను ఉద్దేశపూర్వకంగానే అస్థిరంగా కట్టారు. కంప్యూటర్ క్షణక్షణం సరిదిద్దకపోతే మనిషి దాన్ని నిలబెట్టలేడు. 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి ఎగిరిన తేజస్ కూడా అదే కోవది. 1998 అణుపరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలతో విదేశీ సాయం ఆగిపోగా, దాని నియంత్రణ సూత్రాలను భారతీయ బృందమే పూర్తిచేసింది. యుద్ధవిమానాల లోకంలో కంప్యూటర్ ఉండాలా వద్దా అనే తగవు ఎప్పుడో ముగిసింది. అది లేకపోతే విమానమే లేదు.

ప్రయాణికుల విమానాల సంగతి వేరు. అవి వాటంతటవి స్థిరంగా ఎగరగలవు. కంప్యూటర్ లేకపోయినా నడుస్తాయి కాబట్టే, దానికెంత చోటివ్వాలనేది అవసరం కాక అభిప్రాయం అయింది.

రెండు బడులు

ఏ320 రూపకర్తల్లో ముఖ్యుడు, టెస్ట్ పైలట్ బెర్నార్ జీగ్లర్ ఉద్దేశం సూటిగా ఉంటుంది. సగటు పైలట్ అర్ధరాత్రి అలసటలో, భయంలో తప్పు చేసినా విమానం హద్దు దాటకూడదు. అందుకే సైడ్‌స్టిక్ ఎలివేటర్‌ను నేరుగా కదపదు. ఎంత జి, అంటే గురుత్వానికి ఎన్ని రెట్ల బలం, కావాలో, ఎంత వేగంగా ఒరగాలో కంప్యూటర్‌ను అడుగుతుంది. నార్మల్ లా అనే మామూలు స్థితిలో ఫ్లాప్‌లు లేనప్పుడు 2.5 జి దాటనివ్వదు, 67 డిగ్రీలకు మించి ఒరగనివ్వదు, ముక్కును 30 డిగ్రీల పైకి ఎత్తనివ్వదు. స్టిక్ పూర్తిగా వెనక్కి లాగి పట్టుకున్నా యాంగిల్ ఆఫ్ అటాక్ స్టాల్‌కు కాస్త ముందే ఆగిపోతుంది. వేగం మరీ పడిపోతే ఆల్ఫా ఫ్లోర్ అనే ఏర్పాటు ఇంజన్లను దానంతటదే పూర్తి థ్రస్ట్‌కు తీసుకుపోతుంది. ఈ పక్షం బలమైన వాదన ఏమిటంటే, నేల మీదికి దూసుకుపోతున్నానని తెలిసిన పైలట్ ‘ఎంత లాగాలి’ అని లెక్కలు వేసుకోనక్కర్లేదు. కడదాకా లాగితే చాలు, రెక్క ఇవ్వగలిగినంతా కంప్యూటర్ పిండుకుంటుంది.

బోయింగ్ 777 రూపకర్తలూ ఫ్లై-బై-వైరే ఎంచుకున్నారు. 1994లో ఎగిరిన ఆ విమానంలోనూ కంప్యూటర్ హద్దులు చూస్తూనే ఉంటుంది. కానీ హద్దు దగ్గర గోడ కట్టదు, బరువు పెంచుతుంది. 35 డిగ్రీలకు మించి ఒరిగిస్తే యోక్ ఎదురు తంతుంది. వేగం తగ్గుతున్నా లాగుతూ ఉంటే కాలమ్ బరువెక్కుతుంది. పైలట్ మొండికేసి బలం పెడితే మాత్రం దారి ఇస్తుంది. రెండు యోక్‌లూ కలిసి కదులుతాయి, ఆటోపైలట్ నడుపుతున్నప్పుడూ కదులుతాయి. ఆటోథ్రాటిల్ థ్రస్ట్ మారిస్తే లివర్లు కళ్లెదుటే జరుగుతాయి. ఎయిర్‌బస్‌లో సైడ్‌స్టిక్‌లు ఒకదాని సంగతి ఒకటి ఎరగవు. ఇద్దరూ ఒకేసారి కదిపితే కంప్యూటర్ రెండింటినీ కూడుకుంటుంది, ‘డ్యూయల్ ఇన్‌పుట్’ అని అరుస్తుంది. లివర్లు ఒకే గాడిలో ఉంటాయి, ఆటోథ్రస్ట్ ఎంత పెంచినా కదలవు.

కాబట్టి రెండు బడుల మధ్య తేడా ఒకటి కాదు, మూడు: హద్దు గోడా, బరువా, స్టిక్‌లు జంటా, ఒంటరా, లివర్లు కదులుతాయా, లేదా. వీటిలో మొదటిదాని మీద జరిగినంత చర్చ మిగతా రెండిటి మీద జరగలేదు.

గోడకు అనుకూలం, గోడకు ప్రతికూలం

గోడ వద్దనేవాళ్లు మొదట చూపించేది చైనా ఎయిర్‌లైన్స్ 006. 1985 ఫిబ్రవరి 19న ఆ 747ఎస్‌పీ పసిఫిక్ మీద 41,000 అడుగుల ఎత్తులో ఒక ఇంజన్ ఆగిపోయాక పల్టీకొట్టి, 9,500 అడుగుల దాకా పడిపోయింది. పైలట్లు 5 జి దాటేలా లాగి దాన్ని లేపారు. తోక భాగాలు ఊడినా విమానం శాన్ ఫ్రాన్సిస్కోలో దిగింది. 2.5 జి గోడ ఉంటే వాళ్లు బతికేవారా? గట్టి ప్రశ్నే. ఎయిర్‌బస్ పక్షం జవాబూ గట్టిదే: ఒక ఇంజన్ ఆగాక ఆటోపైలట్‌ను అలాగే వదిలేసి, విమానం ఒరిగిపోతుంటే గమనించకపోవడం వల్ల వచ్చిన ముప్పది. ఒరుగుడుకు హద్దున్న విమానం ఆ దశకే వెళ్లేది కాదు.

పైలట్ చేతికి పూర్తి స్వేచ్ఛ ఇస్తే ఏమవుతుందో 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో కనిపించింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానం, ఏ300-600. ఇది ఎయిర్‌బస్సే అయినా ఫ్లై-బై-వైర్ కాదు. ముందు వెళ్లిన విమానం వదిలిన సుడిగాలిలో కో-పైలట్ రడ్డర్ పెడల్‌ను అటూ ఇటూ పూర్తిగా తొక్కాడు. నిలువు తోక విరిగిపోయింది. 265 మంది చనిపోయారు. ఒక వేగం లోపు కంట్రోల్‌ను ఎంత కదిపినా విమానం విరగదని చాలామంది పైలట్లు నమ్మేవారు. ఆ హామీ ఒక్కసారి ఒకవైపు తొక్కినప్పటి మాట, వెంటవెంటనే అటూ ఇటూ తొక్కినప్పటిది కాదని ఈ ప్రమాదం తర్వాత గానీ విస్తృతంగా తెలియలేదు.

2009 జనవరి 15న హడ్సన్ నదిలో దిగిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549ను రెండు పక్షాలూ సొంతం చేసుకున్నాయి. పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయిన ఏ320ని కెప్టెన్ సలెన్‌బర్గర్ నీటి మీద దింపాడు, 155 మందీ బతికారు. ఆ ఘనతలో పెద్ద వాటా విమానపు ఫ్లై-బై-వైర్‌దేనని విలియం లాంగెవిష్ ఏకంగా పుస్తకమే రాశాడు. సలెన్‌బర్గర్ ఒప్పుకోలేదు. విచారణ నివేదికలో ఇద్దరికీ సరిపడా సరుకుంది. ఆఖరి క్షణాల్లో వేగం తక్కువగా ఉండి విమానం ఆల్ఫా రక్షణలో, అంటే కోణం హద్దు దాటనివ్వని స్థితిలో, ఉంది. పైలట్ స్టిక్ పూర్తిగా లాగినా, ఊగిసలాటను అణిచే ఒక సాఫ్ట్‌వేర్ అంశం ముక్కును అతను అడిగినంత ఎత్తనివ్వలేదు. అదే రక్షణ స్టాల్ కాకుండానూ కాపాడింది. నీటిని తాకినప్పుడు కిందికి దిగుతున్న వేగం అనుకున్నదానికంటే ఎక్కువే. ఇక్కడ ‘కంప్యూటర్ కాపాడింది’, ‘కంప్యూటర్ అడ్డుకుంది’ అనే రెండు వాక్యాలూ నిజమే.

రక్షణే ప్రమాదం తెచ్చిపెట్టిన సందర్భమూ ఉంది. 2008 అక్టోబర్ 7న సింగపూర్ నుంచి పెర్త్ వెళ్తున్న క్వాంటస్ ఏ330లో ఒక డేటా యూనిట్ యాంగిల్ ఆఫ్ అటాక్‌కు తప్పుడు విలువలు పంపింది. స్టాల్ రాబోతోందని నమ్మిన కంప్యూటర్ 37,000 అడుగుల ఎత్తులో ముక్కును ఉన్నట్టుండి కిందికి దించేసింది. బెల్టు పెట్టుకోనివాళ్లు సీలింగ్‌కు కొట్టుకున్నారు. వందకు పైగా గాయపడ్డారు. పైలట్ లాగినా మొదట విమానం స్పందించలేదు.

ఇంతకంటే పెద్ద దెబ్బ తగిలింది మాత్రం బోయింగ్ బడికి. 737 మ్యాక్స్ ఫ్లై-బై-వైర్ కాదు. కేబుళ్లున్న పాత వంశం, పైలట్‌దే పైమాట అనే సంప్రదాయానికి వారసురాలు. దానికి ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ తగిలించారు. అది ఒక్క సెన్సర్ మాట నమ్మి, తోకలోని స్టెబిలైజర్‌ను ఒక్కో విడతకు 2.5 డిగ్రీల దాకా తిప్పి ముక్కును దించగలదు. పైలట్ ఆపితే కాసేపాగి మళ్లీ మొదలుపెడుతుంది. 737లో స్టెబిలైజర్‌ను తిప్పే ట్రిమ్ పిచ్చిగా తిరుగుతుంటే కాలమ్ వెనక్కి లాగితే ఆగిపోవడం మామూలు. ఎంక్యాస్‌కు ఆ కళ్లెం తీసేశారు. అలాంటి ఏర్పాటు ఒకటి ఉందని మాన్యువల్‌లో రాయలేదు. 2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్‌లో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియన్‌లో 157 మంది బలయ్యారు. మనిషికి చివరి మాట ఇస్తామన్న సంస్థ విమానంలోనే, పైలట్‌కు తెలియని యంత్రం పైలట్‌తో పెనుగులాడింది. ‘గోడ మంచిదా, బరువు మంచిదా’ అనే పాత కొలతతో ఈ ప్రమాదాన్ని కొలవలేం.

చేతికి తెలియాల్సింది

లివర్ల తగవుకు ఎదురెదురుగా పెట్టి చూడాల్సిన ప్రమాదాలు రెండున్నాయి. వాటి మధ్య ఇరవై మూడేళ్ల దూరం.

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605, కొత్త ఏ320, బెంగళూరు హెచ్ఏఎల్ విమానాశ్రయానికి దిగుతోంది. ఆకాశం నిర్మలంగా ఉంది. చివరి దశలో ఆటోథ్రస్ట్ వేగాన్ని కాపాడే మోడ్‌లో ఉండాలి. కానీ అది ఐడిల్ ఓపెన్ డిసెంట్ అనే మోడ్‌లో ఉండిపోయింది. ఆ మోడ్‌లో ఇంజన్లు ఐడిల్‌లోనే ఉంటాయి, వేగాన్ని ముక్కు కోణంతో సర్దుకోవాలి. స్పీడ్ మోడ్ రావాలంటే రెండు ఫ్లైట్ డైరెక్టర్లూ ఆపాలి. ఒకటి ఆగింది, రెండోది ఆగలేదు. లివర్లు ఎప్పటిలా గాడిలో కదలకుండా ఉన్నాయి. నాలుగు వందలు, మూడు వందలు, రెండు వందలు అని ఎత్తు వినిపిస్తూనే ఉంది, వేగం తరుగుతూనే ఉంది. ఆల్ఫా ఫ్లోర్ మేల్కొని పూర్తి థ్రస్ట్ అడిగేసరికి మిగిలిన ఎత్తులో జెట్ ఇంజన్ పుంజుకునే వ్యవధి లేదు. విమానం రన్‌వేకు ముందే గోల్ఫ్ కోర్సులో నేలను తాకింది. ఉన్న 146 మందిలో 92 మంది చనిపోయారు. పైలట్లు పరిస్థితి తీవ్రత గ్రహించి లివర్లు ముందుకు తోయకపోవడమే కారణమని విచారణ తేల్చింది. ఆ మోడ్ అప్పుడు ఎందుకు వచ్చిందో తేల్చలేకపోయింది. ప్రభుత్వం ఏ320లన్నిటినీ నెలల తరబడి నేల మీదే ఉంచింది. లివర్లు కదిలి ఉంటే చేతికి తెలిసేదని అప్పటి నుంచీ విమర్శకుల మాట.

2013 జులై 6న శాన్ ఫ్రాన్సిస్కోలో దిగబోయిన ఏషియానా 214 బోయింగ్ 777. అందులో లివర్లు కదులుతాయి. ఎత్తు ఎక్కువైందని తగ్గించే ప్రయత్నంలో పైలట్ మార్చిన మోడ్ వల్ల, ఆ తర్వాత లివర్లు వెనక్కి లాగడం వల్ల ఆటోథ్రాటిల్ ‘హోల్డ్’లోకి వెళ్లింది. హోల్డ్ అంటే అది లివర్లను ముట్టుకోదు, వేగం పడినా లేవదు. 137 నాట్లు ఉండాల్సింది 103కు పడింది. తోక సముద్రపు గోడను కొట్టుకుంది. ముగ్గురు చనిపోయారు. కదిలే లివర్లు కూడా ఆ సమయంలో ఐడిల్ దగ్గర కదలకుండా కూర్చున్నాయి. ‘వేగం సంగతి ఆటోథ్రస్ట్ చూసుకుంటోంది’ అనే నమ్మకం రెండు కాక్‌పిట్లలోనూ ఒకటే. బడులు వేరైనా బోను ఒకటే. దీన్ని చూశాక లివర్లు కదలడమే మందు అనే వాదన నిలవడం కష్టం.

స్టిక్‌ల వాదనలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 2009లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447లో కుడివైపు కూర్చున్న కో-పైలట్ స్టిక్ లాగి పట్టుకున్న సంగతి పక్కవాళ్లకు కనిపించలేదని, యోక్‌లైతే కనిపించేవని చాలామంది అంటారు. నిజమే కావచ్చు. కానీ 1974 డిసెంబర్ 1న నార్త్‌వెస్ట్ 6231, బోయింగ్ 727, వేగం కొలిచే పిటాట్ గొట్టాల హీటర్లు వేయడం మరిచిపోయి ఎగిరింది. గొట్టాలు మంచుతో మూసుకుపోయి వేగం తప్పుగా పెరుగుతున్నట్టు చూపించింది. జంట యోక్‌లు కళ్లముందే ఉన్నా ముగ్గురు సిబ్బందీ ముక్కు పైకెత్తుతూనే స్టాల్ చేశారు. అదురును అతివేగం అదురనుకున్నారు. 1996లో పిటాట్ మూసుకుపోయిన బిర్గెనెయిర్ 757దీ అదే కథ. జంట కంట్రోల్ ఉంటే పక్కవాడు ఏం చేస్తున్నాడో తెలుస్తుంది. చేస్తున్నది తప్పని తెలియాలంటే అది చాలదు.

రక్షణ తప్పుకున్న వేళ

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447లో జరిగింది ఈ మొత్తం చర్చకు కీలకం. పిటాట్ గొట్టాల్లో మంచు స్ఫటికాలు చేరి వేగం కొలతలు చెదిరాయి. ఏ కొలతను నమ్మాలో తెలియని కంప్యూటర్ ఆటోపైలట్‌ను వదిలి, నార్మల్ లా నుంచి ఆల్టర్నేట్ లాకు దిగింది. అంటే గోడ మాయమైంది. స్టిక్ మాత్రం అదే స్టిక్, లాగితే అదే స్పందన. కో-పైలట్ లాగాడు. విమానం పైకెక్కి 38,000 అడుగుల దగ్గర స్టాల్ అయింది. స్టాల్ హెచ్చరిక ఆగకుండా 54 సెకన్లు మోగింది. స్టెబిలైజర్‌ను ఆటోట్రిమ్ 3 డిగ్రీల నుంచి సుమారు 13 డిగ్రీల దాకా ముక్కు పైకి ఉండేలా తిప్పి అక్కడే వదిలింది.

తర్వాత జరిగింది ఇంకా విపరీతం. కొలిచిన వేగం 60 నాట్ల కంటే పడిపోతే యాంగిల్ ఆఫ్ అటాక్ లెక్క చెల్లదని వ్యవస్థ కొట్టిపారేస్తుంది. కాబట్టి స్టాల్ మరీ లోతుగా ఉన్నప్పుడు హెచ్చరిక ఆగిపోయింది. పైలట్ స్టిక్ కాస్త ముందుకు తోయగానే కొలతలు మళ్లీ చెల్లుబాటై హెచ్చరిక మోగింది. సరైన పని చేస్తే అరుపు, తప్పు చేస్తే నిశ్శబ్దం! ఆటోపైలట్ వదిలిన 4 నిమిషాల 23 సెకన్లకు విమానం 40 డిగ్రీలకు మించిన కోణంతో సముద్రంలో పడింది. 228 మందిలో ఎవరూ మిగల్లేదు.

దీన్ని పైలట్ తప్పంటారా, డిజైన్ తప్పంటారా అనేది పాత ప్రశ్న. అంతకంటే పనికొచ్చేది మరొకటుంది. స్టాల్ కానివ్వని విమానంలో ఏళ్ల తరబడి ఎగిరిన పైలట్‌కు, ఇప్పుడది స్టాల్ అయ్యే విమానంగా మారిందని ఎవరు, ఎలా చెప్పాలి? తెర మీద సన్నని అక్షరాలు చెప్పాయి. చేతికి మాత్రం ఏ తేడా తెలియలేదు. అంతకు కొన్ని నెలల ముందు, 2008 నవంబర్ 27న పెర్పిన్యాన్ దగ్గర ఎక్స్ఎల్ ఎయిర్‌వేస్ ఏ320లో ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురైంది. కడిగినప్పుడు చేరిన నీరు గడ్డకట్టి మూడు కోణం సెన్సర్లలో రెండు ఒకే అంకె దగ్గర బిగుసుకుపోయాయి. ఇద్దరు ఒకే అబద్ధం చెప్పేసరికి కోణం రక్షణ పనికిరాకుండా పోయింది. ఆ రక్షణను పరీక్షించడానికే కావాలని వేగం తగ్గించిన పైలట్లకు అది లేదని తెలియలేదు. ఏడుగురూ చనిపోయారు.

2014 డిసెంబర్ 28న ఎయిర్ఏషియా 8501లో మాటిమాటికీ వస్తున్న రడ్డర్ వ్యవస్థ హెచ్చరికను పోగొట్టాలని కంప్యూటర్ బ్రేకర్ లాగారు. నార్మల్ లా పోయింది. ఆ తర్వాత ఇద్దరు పైలట్లూ స్టిక్‌లను చెరోవైపు కదిపారు. విమానం కూలి 162 మంది చనిపోయారు.

తేలినవి, తేలనివి

హద్దులున్న విమానాలు మొత్తంమీద సురక్షితమేనా? అదుపు తప్పి కూలే ప్రమాదాల రేటు ఫ్లై-బై-వైర్, హద్దుల రక్షణ ఉన్న నాలుగో తరంలో మూడో తరం కంటే బాగా తగ్గిందని ఎయిర్‌బస్ ఏటా లెక్కలు ప్రచురిస్తుంది. ఈ ధోరణిని ఎవరూ గట్టిగా కాదనడం లేదు. కానీ ఆ నాలుగో తరంలో ఏ320లతో పాటు 777, 787 కూడా ఉన్నాయి. కాబట్టి ఏదో ఒక రక్షణ ఉండటం మేలని ఆ లెక్క చెబుతుందే తప్ప గోడ మేలో, బరువు మేలో చెప్పదు. దాన్ని పట్టుకుని ఒక బడి గెలిచిందనడం తొందరపాటు.

జంట స్టిక్‌ల విషయంలో పరిశ్రమ నెమ్మదిగా మధ్యదారికి వస్తోంది. 2018లో ధ్రువీకరణ పొందిన గల్ఫ్‌స్ట్రీమ్ జి500లో సైడ్‌స్టిక్‌లు మోటార్లతో ఒకదానితో ఒకటి కలిసి కదులుతాయి. రష్యా ఎంసీ-21లోనూ అలాంటివే పెట్టారు. ఎయిర్‌బస్ తన పద్ధతి మార్చుకోలేదు. కొత్త భాగం అంటే కొత్త వైఫల్యం కూడా అనే వాదనా తీసిపారేయదగ్గది కాదు.

యాంగిల్ ఆఫ్ అటాక్ మీటరును పైలట్ ముందు పెట్టాలా? యుద్ధవిమానాల పైలట్లు దాంతోనే పెరిగారు. ప్రయాణికుల విమానాల్లో అది చాలాచోట్ల లేదు, ఉన్నచోట కొనుగోలుదారు అడిగి పెట్టించుకున్నదే. ఎయిర్ ఫ్రాన్స్ 447 విచారణ అలాంటి మీటరు గురించి ఆలోచించమంది. సెన్సరే తప్పైతే మీటరూ తప్పే చూపిస్తుందని ఎదుటివాళ్లంటారు. మ్యాక్స్ తర్వాత యూరప్ నియంత్రణ సంస్థ మూడో కోణ కొలమానం కావాలని బోయింగ్‌ను అడిగింది ఈ భయంతోనే.

శిక్షణ దగ్గర మాత్రం పక్షాలు దగ్గరపడ్డాయి. యంత్రం ఎంత నమ్మకమైనదైతే, అది ఆగినప్పుడు మనిషి చేయి అంత మొద్దుబారి ఉంటుందని లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే వివరించింది. అమెరికా ఎఫ్ఏఏ 2013లో చేత్తో ఎగరేయడాన్ని ప్రోత్సహించమని విమాన సంస్థలకు చెప్పింది. ఇప్పుడు అనేక నగరాల సిమ్యులేటర్లలో పూర్తి స్టాల్, ఎత్తులో స్టాల్ నుంచి బయటపడటం నేర్పుతున్నారు. పాత పాఠంలో ‘ఎత్తు పోగొట్టుకోవద్దు, థ్రస్ట్ పెంచు’ అనేవారు. కొత్త పాఠంలో ముందు ముక్కు దించి కోణం తగ్గించాలి, ఎత్తు పోతే పోనీ. రూటు విమానాల్లో చేత్తో నడపడానికి ఎన్ని అవకాశాలు ఇవ్వాలన్నది ఒక్కో సంస్థ ఒక్కోలా నిర్ణయిస్తోంది.

సాఫ్ట్‌వేర్ మీద నమ్మకానికి తాజా పరీక్ష 2025 అక్టోబర్ 30న వచ్చింది. జెట్‌బ్లూ ఏ320 ఒకటి మెక్సికో నుంచి అమెరికా వెళ్తూ ఉన్నట్టుండి ముక్కు దించింది, కొందరు గాయపడ్డారు. తీవ్రమైన సౌర వికిరణం ఎలివేటర్, ఎయిలరాన్‌లను నడిపే కంప్యూటర్‌లోని డేటాను చెరపగలదని ఎయిర్‌బస్ నవంబర్ 28న ప్రకటించింది. సుమారు 6,000 ఏ320 కుటుంబ విమానాలకు మార్పు చేయాల్సి వచ్చింది. మన దేశంలో ఇండిగో, ఎయిర్ ఇండియా గ్రూపు విమానాలూ అందులో ఉన్నాయి. ఎక్కువ విమానాలకు చేసిన చికిత్స సాఫ్ట్‌వేర్‌ను పాత కూర్పుకు తిప్పడమే.

ఇక మిగిలింది అందరికంటే పెద్ద తగవు. సుదూర ప్రయాణాల్లో మధ్యదశలో కాక్‌పిట్‌లో ఒక్క పైలటే ఉంటే చాలదా అని తయారీదారులు అడుగుతున్నారు. ఇద్దరున్నప్పటితో సమానమైన భద్రత ఉంటుందని ఇప్పుడున్న కాక్‌పిట్లతో చూపలేమని యూరప్ విమాన భద్రతా సంస్థ అధ్యయనం 2025లో తేల్చింది. ఉన్న ఒక్కరూ స్పృహ తప్పితే ఎలా తెలుస్తుంది, నిద్ర లేచి వచ్చినవారికి ఎంతసేపటికి తెలివి తేరుతుంది, ఒకరి పనిని ఇంకొకరు సరిచూసే పద్ధతి ఏమవుతుంది అన్నవి అందులో ప్రధాన అభ్యంతరాలు. ఎయిర్ ఫ్రాన్స్ 447లో ఆటోపైలట్ వదిలేసినప్పుడు కెప్టెన్ విశ్రాంతిలో ఉన్నాడు. సుమారు ఒకటిన్నర నిమిషానికి లోపలికి వచ్చాడు. అప్పటికే కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లున్నారు. ఏం జరుగుతోందో తమకు అర్థం కావడం లేదని వాళ్లిద్దరూ ఆయనకు చెప్పారు.